ఆరె నుంచి చేతిమర దాకా: లిన్ ఊరి జోళ్ళ కథ

క్రిందటి శీతకాలం మా ఇంటి బేస్‌మెంటులోకి ఒక పాత సింగర్ మిషను వచ్చి చేరింది. మోటారు లేదు, చేత్తో చక్రం తిప్పితే నడుస్తుంది. జోళ్ళు బాగుచేసే ఒక పెద్దాయన దుకాణం మూసేస్తూ అమ్మేశాడు. అంతకుముందు రెండేళ్ళపాటు మేము తోలుసంచులు చేత్తోనే కుట్టుకున్నాం. “ఆసుపత్రిలో వేసే కుట్లు చాలలేదా, డాక్టరుగారూ?” అని స్నేహితులు వేళాకోళం చేస్తూనే ఉన్నారు. చెయ్యాల్సిన వేళాకోళమే. ఎందుకంటే ఆ కుట్టుకీ ఈ కుట్టుకీ చుట్టరికం ఉంది.

తోలు గుడ్డలాంటిది కాదు. గుడ్డలో సూది దిగితే పోగులు పక్కకి జరుగుతాయి, సూది పైకి వచ్చేశాక మళ్ళీ దగ్గరవుతాయి. తోలులో పడిన కన్నం కన్నంగానే ఉండిపోతుంది. కుట్లు మరీ దగ్గరగా వేస్తే తపాలాబిళ్ళల కాగితంలాగా ఆ వరస వెంబడే చిరుగుతుంది. రోగి చర్మం కుట్టడానికి మేము వాడే సూదికి మొన దగ్గర మూడంచులుంటాయి. పేగు కుట్టే సూది మొన గుండ్రంగా ఉంటుంది. తోలుమిషను సూదికి కూడా కోసే మొనే ఉంటుంది. ఎవరి చర్మమైనా చర్మమే మరి.

చేతికుట్టులో ముందు ఆరెతో కన్నం పొడిచి, మైనం పట్టించిన ఒకే దారం రెండు కొసలనూ ఆ కన్నంలోంచే ఎదురెదురుగా లాగుతారు. పూర్వం ఐరోపాలోనూ అమెరికాలోనూ జోళ్ళు కుట్టేవాళ్ళు సూదికి బదులు దారం కొసలకి పందివెంట్రుకలు చుట్టి వాడేవారు. ప్రతి కన్నంలోనూ రెండు పోగులుంటాయి కనుక ఒకటి తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. మిషను కుట్టులో పైదారం పైనే, కింది దారం కిందే ఉండి, తోలు మందం మధ్యలో ఒకదాన్నొకటి కొక్కెం వేసుకుంటాయి. పైది అరిగి తెగిందంటే ఆ పక్క కుట్లు కూడా వదులైపోతాయి. గట్టితనంలో చెయ్యే మేలు. ఓడిపోయింది వేగంలో.

ఆ ఓటమి ఎలా జరిగిందో చూడాలంటే లిన్ వెళ్ళాలి. బాస్టనుకి ఉత్తరాన సుమారు 10 మైళ్ళ దూరంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ ఇంటింటి పెరట్లోనూ పదడుగుల చదరం కొట్టం ఒకటి ఉండేది. మగవాళ్ళు అందులో కూర్చుని పైతోలుని కొయ్యపాదం మీదికి లాగి అడుగుతోలుతో కలిపి కుట్టేవారు. ఆ పైతోలు ముక్కల్ని ముందుగా ఒకటిగా కుట్టిపెట్టేది ఆడవాళ్ళు, వంటింట్లో, పిల్లల మధ్య. వ్యాపారి కత్తిరించిన తోలు ఇచ్చేవాడు, కుట్టిన జోళ్ళు తీసుకుని లెక్కకట్టి కూలి ఇచ్చేవాడు. ఆరె, సూది, దారం, కొట్టం మాత్రం కుట్టేవాళ్ళ సొంతం. ఈ సొంతమన్న మాట పాఠకులు కొంచెం గుర్తుపెట్టుకోవాలి.

ఎలియాస్ హౌ కుట్టుమిషనుకి పేటెంటు వచ్చింది 1846 సెప్టెంబరు 10న. సరిగ్గా ఆ తరువాతి నెల, అక్టోబరు 16న, బాస్టనులో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈథరు ఇచ్చి అందరి ఎదుటా శస్త్రచికిత్స చేసి చూపించారు. హౌ మిషను తయారుచేసిన కేంబ్రిడ్జి అక్కడికి నది అవతలే. నొప్పి లేని కోత, చెయ్యి లేని కుట్టు ఒకే ఏడాది ఒకే చోట పుట్టాయన్నమాట. వైద్య కళాశాలలో మాకు మొదటిది చెప్పారు. రెండోది ఎవరూ చెప్పలేదు.

1850ల్లో ఆ మిషను పైతోలు కుట్టడానికి పనికొచ్చేలా మారి లిన్‌కి వచ్చింది. ముందు కదిలిపోయింది ఆడవాళ్ళ పనే. వయసులో ఉన్న అమ్మాయిలు కార్ఖానాలకి వెళ్ళి మిషన్ల మీద కూర్చున్నారు. ఇంట్లో కుట్టే తల్లులకి పని తగ్గింది, రేటూ తగ్గింది. 1857 ఆర్థిక మాంద్యం తరువాత మగవాళ్ళ కూలి కూడా పడిపోయింది. 1860 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజు చూసుకుని మరీ, లిన్‌లో సమ్మె మొదలైంది. మార్చి 7న మంచు కురుస్తుంటే వందలాది ఆడవాళ్ళు ఊరేగింపుగా నడిచారు. అప్పటికి ఇంకా అధ్యక్షుడు కాని లింకన్, కనెటికట్ రాష్ట్రంలో చేసిన ఉపన్యాసంలో ఈ సమ్మెని ప్రస్తావించి, కూలివాడికి పని మానే హక్కుండటమే మంచిదన్నాడు.

బయటికి ఒక్కటిగా కనిపించినా ఆడవాళ్ళ సభల్లో రెండు పక్షాలున్నాయి. మిషను మీద కూర్చున్న అమ్మాయిలు తమకీ ఇంట్లో కుట్టేవాళ్ళకీ కలిపి రేట్లు పెంచమని అడగాలన్నారు. ఇళ్ళల్లో కుట్టేవాళ్ళకి ఆ రేట్లు పెరిగితే పని పూర్తిగా మిషన్లకే పోతుందన్న భయం. మగవాళ్ళు ఎక్కువమంది ఇంటివాళ్ళ పక్షమే వహించారు. తమ కూలి పెరిగితే సంసారం గడుస్తుంది కదా అని వాళ్ళ లెక్క. మా అభిప్రాయంలో ఆ అమ్మాయిలే దూరం చూశారు. వాళ్ళ మాట నెగ్గలేదు. సమ్మె ఏప్రిలు నాటికి నీరుగారింది. కొందరు యజమానులు కూలి కొంత పెంచారు గానీ రేట్ల కాగితం మీద సంతకం పెట్టలేదు.

మగవాళ్ళ వంతు ఎంతో దూరంలో లేదు. లైమన్ బ్లేక్ అనే ఆయన అడుగుతోలు కుట్టే మిషనుకి 1858లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. జోడు లోపలికి దూరే కొమ్ములాంటి చెయ్యి దాని కీలకం. గోర్డన్ మెకే ఆ పేటెంటు కొని, బాగుచేయించి, అంతర్యుద్ధంలో సైనికులకి జోళ్ళు కావలసివచ్చిన అదనులో వ్యాపారంలోకి దింపాడు. మనిషి చేత్తో రోజుకి కొద్ది జతలు కుట్టే చోట మిషను వందల జతలు కుట్టేది.

మెకే మరొక తెలివైన పని చేశాడు. మిషను అమ్మలేదు. అద్దెకిచ్చి, కుట్టిన ప్రతి జతకీ ఇంతని వసూలు చేశాడు. 1899లో పెద్ద కంపెనీలు కలిసి యునైటెడ్ షూ మెషినరీ అయినప్పుడు ఆ పద్ధతే దేశమంతటికీ రివాజు అయింది. ముఖ్యమైన యంత్రాలు ఎవరూ కొనుక్కోలేరు, పాతవి చేతులు మారవు. కోరినవాళ్ళకి అమ్మాలని న్యాయస్థానం ఉత్తరువిచ్చింది 1953లో. పెరటి కొట్టంలో ఆరె సొంతంగా ఉన్నవాడి మనుమడు, కార్ఖానాలో తన యజమానికి కూడా సొంతం కాని మిషను ముందు నిలబడ్డాడు.

దీనికి పక్కదారిగా మిగిలింది మా బేస్‌మెంటులో ఉన్నలాంటి మిషను. సింగర్ కంపెనీ 1850ల నుంచే వాయిదాల మీద మిషన్లు అమ్మింది. అందులో 29 రకం జోళ్ళు బాగుచేసేవాళ్ళ కోసం చేసినది. మాదాని మీద 29కె అని ఉంది. కె అంటే స్కాట్లండులో క్లైడ్‌బ్యాంక్ ఊరి కిల్‌బౌవీ కార్ఖానా. అది 1980లో మూతపడింది. సన్నటి పొడుగాటి చెయ్యి బూటు లోపలికి దూరుతుంది. తోలుని ముందుకు జరిపే పాదం పైనుంచి పట్టుకుని ఎటు తిప్పితే అటు కుడుతుంది, తోలు తిప్పనక్కరలేదు. బాబిన్ మరీ చిన్నది, మాటిమాటికీ దారం అయిపోతుంది. మందపాటి అడుగుతోలు దాని వల్ల కాదు. అయినా ఒక మూల కొట్టు, ఒక మిషను ఉంటే ఎవరి కిందా చెయ్యకుండా ఒక మనిషి బ్రతికాడు.

మా ఊళ్ళో జోళ్ళు కుట్టే మనిషికి అదైనా లేదు. తంగేడు చెక్కతో తోలు ఊనడం, చెప్పులు, మోట తోలుసంచి కుట్టడం, అన్నీ ఆరెతోనే. కూలి కళ్ళంలో కొలిచిన గింజలు. ఆయన కుట్టిన చెప్పులు తొడుక్కున్నవాళ్ళమే ఆయన్ని వాకిలి బయట నిలబెట్టాం. మసాచుసెట్స్‌లో నేటిక్ ఊరి జోళ్ళ పనివాడు హెన్రీ విల్సన్ 1873లో ఈ దేశానికి ఉపాధ్యక్షుడయ్యాడు. ఈ తేడాకి మిషను కారణం కాదు. మేము సరదాగా నేర్చుకుంటున్న పని, ఆయన బిడ్డలు వదిలించుకోవాలనుకున్న పని. ఆ సంగతి చక్రం తిప్పుతున్నప్పుడల్లా గుర్తొస్తూనే ఉంటుంది.

ఇప్పుడు సంచుల పక్కలు మిషను మీద కుడుతున్నాం. పట్టీ సంచికి కలిసే చోట, బరువంతా పడే నాలుగంగుళాలు మాత్రం ఇంకా ఆరెతోనే.