ఎలుక పాదంలో తేలిన లెక్క
కుందేలు కాలి కండరాల్లో కొన్ని ఎర్రగా, కొన్ని తెల్లగా ఉంటాయి. ఎర్రవి నిదానంగా, తెల్లవి చురుగ్గా ముడుచుకుంటాయని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ రాన్వియే 1873లో చూపించారు. ఈ తేడా కండరానిదా, దానికి వచ్చే నాడిదా? 1960లో బులర్, జాన్ ఎకిల్స్, ఆయన కుమార్తె రోజమండ్ పిల్లి కాళ్లలో నాడులను తారుమారు చేసి అతికించారు. వేగ కండరపు నాడి తగిలిన నిదాన కండరం వేగం పుంజుకుంది. నాడి మాట కండరం వింటుందని తేలింది.

1970లో బ్రూక్, కైజర్ అనే పరిశోధకులు కండర తంతువులకు రంగు వేసి ఒకటో రకం, 2ఎ, 2బి అని విడదీశారు. అదే ఏడు రెడ్‌ఫెర్న్ అప్పుడే పుట్టిన ఎలుక ఉదర వితానంలో మరో వింత చూశారు: ఒక్కో తంతువు మీద పలు నాడుల కొనలున్నాయి. కొద్ది వారాల్లో ఒక్కటే మిగులుతుంది.

మరి మిగతావి ఎందుకు తప్పుకుంటాయి? పెద్ద కండరంలో వాటిని పూర్తిగా లెక్కించడం కష్టం. అక్కడే ఎలుక వెనక పాదంలోని చిన్న లంబ్రికల్ కండరం అక్కరకొచ్చింది. దానికి తంతువులు వెయ్యికి దగ్గరగా, వాటిని నడిపే నాడీతంతువులు పదీ పన్నెండూ. బెట్జ్, కాల్డ్‌వెల్, రిబ్‌చెస్టర్ 1979లో నాడీతంతువులను ఒక్కొక్కటిగా ప్రేరేపించి, ఒక్కోటి లాగే బలాన్ని కొలిచారు. పసి ఎలుకలో ఈ వాటాలన్నీ కూడితే మొత్తం కండరం బలాన్ని మించిపోయాయి. ఒకే తంతువు పలు నాడుల ఖాతాల్లో పడింది మరి!

ఈ కండరానికి నాడులు రెండు దారుల్లో వస్తాయి. 1980లో ఆ ముగ్గురే, ఎలుక పుట్టగానే పెద్ద దారిని కోసేసి, రెండో దారిలో వచ్చే కొద్ది నాడీతంతువులనే మిగిల్చారు. పోటీ లేకపోయేసరికి అవి తమ కొమ్మలను వదులుకోలేదు. ఇంత సూటిగా జవాబిచ్చిన ప్రయోగాలు అరుదు.

ఇక తంతువుల రకాల సంగతి. 1984లో థాంప్సన్ బృందం, ఎలుక పిక్కలోని సోలియస్ కండరంలో ఒక నాడి పట్టిన తంతువులు పసితనంలోనే చాలావరకు ఒకే రకమని చెప్పింది. 1987లో జోన్స్, రిడ్జ్, రౌలర్సన్ లంబ్రికల్‌లో దానికి భిన్నంగా చూశారు: మొదట్లో ఒక్కో నాడి కింద అన్ని రకాలూ కలగలిసే ఉన్నాయి. పైగా ఎదిగే క్రమంలో వేగ తంతువులు నిదాన తంతువులుగా, నిదానవి వేగవిగా మారుతున్న ఆధారాలూ దొరకలేదు. అలాగైతే ఏ కొన నిలవాలన్న ఎంపికలోనే రకాలు విడిపోవాలి. సోలియస్‌లో తేలిందాన్ని కండరాలన్నిటికీ అంటగట్టడం తొందరపాటే.

మరి మనుషుల సంగతి? 2017లో ఎడిన్‌బరో పరిశోధకులు, వైద్య కారణాలతో తొలగించిన మనుషుల కాళ్లలోని నాడీ కండర సంధులను, అంటే నాడి కొన తంతువును కలిసే చోట్లను, చూశారు. అవి చిట్టెలుకల (మౌస్) సంధుల కంటే చిన్నవి, ఎక్కువ ముక్కలుగా ఉన్నాయి, వయసుతో పెద్దగా మారలేదు కూడా. ఎలుకలో ఫలించిన కండర చికిత్స గురించి ఎక్కడైనా చదివితే, ఈ తేడాను దృష్టిలో పెట్టుకొని చదవండి.