రంగు క్రింది రాయి



సి.బెళగల్‌లో నీళ్ల మాట వచ్చినచో ఎవరైనను తుంగభద్ర వైపే చేయి చూపుదురు. ఏరు ప్రక్కనే యుండియు వేసవిలో బిందెల వరుస తప్పని పల్లెలు మన ప్రాంతమున గలవని మీరెరుగుదురు. అట్టి చోటనుండి పోయి, కూలిపనికై ముంబయి చేరిన మన సంఘస్థులను చూచు ప్రయాణములో ఫ్లోరా ఫౌంటెన్ ఎదుట నిలిచితిని. ఇంత సొగసైన నీటికి డబ్బు ఎక్కడిదని నాకు మొదట తోచెను.

ఆ తావున పూర్వము కోటగోడకు చర్చిగేటు అను ద్వారముండెను. సెయింట్ థామస్ దేవాలయమునకు పోవు దారి గనుక ఆ పేరు. 1860వ దశకమున గవర్నరు బార్టిల్ ఫ్రియర్ కాలములో గోడలు కూల్చబడెను. 1864లో అక్కడి వ్యవసాయ, ఉద్యానవన సంఘమువారు ఈ జలయంత్రమునకు పూనుకొనిరి. కర్సెట్జీ ఫర్దూన్‌జీ పారేఖ్ అను పారసీ దాత 20,000 రూపాయలిచ్చెను. మొత్తము 47,000 అయ్యెను. రిచర్డ్ నార్మన్ షా నమూనా గీయగా జేమ్స్ ఫోర్సైత్ చెక్కెను. రాయి ఇంగ్లండునుండి ఓడమీద వచ్చిన పోర్ట్‌లాండు సున్నపురాయి. శిఖరమున రోమీయుల పూలదేవత. పాదిరిని గనుక దేవతను పొగడను గాని, ఆ చేతిపనిని మెచ్చక తప్పదు.

ఇక డబ్బు సంగతి. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి అందక మన దేశపు పత్తికి బంగారు ధర పలికెను. బొంబాయిలోని భవనములు, తోటలు, ఫౌంటెన్‌లు ఆ వేడిలో పుట్టినవే. 1865లో యుద్ధము ముగియగానే ధర కుప్పకూలి వర్తకులనేకులు దివాలా తీసిరి. మన ఆదోని నల్లరేగడివంటి నేలలో పత్తి పండించిన రైతు పేరు ఏ రాతిమీదను లేదు. 1871లో మదరాసు రైలుమార్గము ఆదోని మీదుగా రాయచూరు చేరెను. అయిదేండ్లకే, 1876లో, కరవు వచ్చెను. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనములో దాదాపు నాల్గవ వంతు తగ్గిరి. ఈ రెండు సంగతులను కలిపి చదువుట మనకు అలవాటు లేదు.

ఫౌంటెన్‌కును కష్టకాలము వచ్చెను. నీరు నిలిచిపోయెను. శుభ్రముగా కనబడవలెనని ఏండ్ల తరబడి రంగుమీద రంగు పూసిరి. అట్టి పూత క్రింద రాయికి ఊపిరాడదు. లోపలి చెమ్మ బయటికి రాలేక రాతినే తినివేయును. నవ్వకండి! నేనును ఒక పాత గుడి రాతిగోడకు అభిమానముతోనే ఎనామిలు వేయించితిని. మూడు వర్షాకాలములకు గోడ పెచ్చులూడెను.

2016లో బాగుచేత మొదలయ్యెను. వాస్తుశిల్పి వికాస్ దిలావరి పర్యవేక్షణలో పూతలను ఒలిచి, కారుచున్న చోట్లు మూసి, నీటి గొట్టములు సరిచేసిరి. 2018లో చుట్టునున్న నేల త్రవ్వగా పాత ట్రాము పట్టాలు బయటపడెను. 1874లో గుఱ్ఱములతో మొదలై, 1907లో విద్యుత్తుకు మారి, 1964లో ఆగిపోయిన ట్రాములవి. 2019 జనవరిలో ఫౌంటెన్ మరల తెరువబడెను.

నాతో వచ్చిన మన కూలివాడొకడు చాలసేపు ఆ నీటిని చూచి, "అయ్యగారూ, ఈ నీళ్లు తాగొచ్చునా?" అని యడిగెను.

"లేదప్పా, చూసేదానికే," అంటిని.

అతడు తలయూపి, రోడ్డు దాటి, అంగడిలో ఇరువది రూపాయలు పెట్టి నీళ్ల సీసా కొని తెచ్చి, మొదట నాకే ఇచ్చెను.