మనస్సాక్షిలో రాయి: ఓ.సి.డి. చరిత్రలో కాపరుల పాత్ర

లాటిను భాషలో 'స్క్రుపులస్' అనగా చిన్న గరుకు రాయి. చెప్పులో దూరి అడుగడుగునా గుచ్చుకొనే రాయి వంటిది కనుక, పాపము లేనిచోట పాపమును చూచి అల్లాడే మనస్సాక్షి బాధకు పూర్వపు వేదాంతులు ఆ పేరే పెట్టారు. నేడు వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, క్లుప్తముగా ఓ.సి.డి., అని పిలిచే వ్యాధికి ఇది ఒక రూపము. ఈ బాధను గూర్చి మానసిక వైద్యుల కంటె ముందు వ్రాసినవారు కాపరులే. వారు కనుగొన్నదానిని మనము మరచిపోయామని మా అభిప్రాయము.

మార్టిన్ లూథరు 1505లో ఎర్‌ఫుర్ట్‌లోని అగస్టీనియన్ మఠములో చేరాడు. ఒక్కొక్కసారి ఆరు గంటలసేపు పాపములు ఒప్పుకొనేవాడు. బయటకు రాగానే మరచిపోయినదేదో గుర్తుకు వచ్చేది. ఆయన పెద్ద అయిన స్టౌపిట్జ్ విసిగిపోయాడు. అయిదు వందల సంవత్సరముల తరువాత లూథరుకు మనము రోగనిర్ణయము చేయకూడదు. అయితే ఒక సంగతి గమనించాలి. ఒప్పుకోలు ఆయన భయమును తీర్చలేదు, మరొక ఒప్పుకోలుకు దాహము పుట్టించింది.

'యాత్రికుని ప్రయాణము' వ్రాసిన జాన్ బన్యన్ తన సాక్ష్యమును 1666లో ప్రచురించాడు. యౌవనములో ఆయనకు గుడి గంటలు మోగించుట ఇష్టము. అది వ్యర్థమైన వినోదమని మానుకొన్నాడు గాని, చూచుటకు వెళ్లేవాడు. గంట ఊడి మీద పడితే? అని దూలము క్రింద నిలిచాడు. గోడకు తగిలి తిరిగి వచ్చి కొడితే? గుమ్మములోనికి జరిగాడు. గోపురమే కూలితే? ఇక అక్కడ నిలువలేక పారిపోయాడు. తరువాత "క్రీస్తును అమ్మివేయుము" అనే తలంపు సంవత్సరము పాటు భోజనమువద్ద, పనివద్ద ఆయనను తరిమింది. అమ్మను, అమ్మను అని ఎంత గట్టిగా ఎదిరించినా అది అంత గట్టిగా వచ్చేది. మన సంఘములలో ఎవరైనా ఇట్లు చెప్పితే ఏమంటాము? దయ్యమని ఉపవాస ప్రార్థనకు కూర్చుండబెట్టేవారు కొందరున్నారు.

నార్విచ్ బిషప్పు జాన్ మూర్ అట్లు అనలేదు. 1692లో ఇంగ్లండు రాణి యెదుట ఆయన చేసిన ప్రసంగములో, ఆరాధన సమయమున దూషణ తలంపులు వచ్చి నలిగిపోయే భక్తులను గూర్చి మాట్లాడాడు. వీరు మంచివారేననీ, ఇది చాలావరకు శరీరపు అస్వస్థత వలన కలిగేదనీ చెప్పాడు. ఆ తలంపులతో పోరాడవద్దు, పోరాడితే పెరుగుతాయి, పట్టించుకోకపోతే సన్నగిల్లుతాయి అన్నది ఆయన ఆలోచన.

ఆ మాట వైద్యశాలకు చేరుటకు 274 సంవత్సరములు పట్టింది. 1838లో ఫ్రాన్సులో ఎస్కిరోల్ ఈ వ్యాధిని వైద్యగ్రంథములో వర్ణించాడు. 1907లో ఫ్రాయిడ్ మతమునే మానవజాతి అంతటికి కలిగిన ఇట్టి రోగముగా చెప్పాడు. ఆయనతో వాదము ఇక్కడ అనవసరము, ఆయన పద్ధతి వలన ఈ రోగులకు కలిగిన మేలు స్వల్పము. 1966లో లండన్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో విక్టర్ మేయర్ ఇద్దరు రోగులకు చేసిన చికిత్సను ప్రకటించాడు. ఒకామెకు ఎడతెగక కడుగుకొనే వ్యాధి, రెండవ ఆమెకు దేవదూషణ తలంపులు. భయము కలిగించే దానికి వారిని ఎదురుగా నిలిపి, భయము తీర్చుకొనుటకు చేసే క్రియను నర్సులు పక్కనుండి ఆపారు. ఆ క్రియ చేయకపోయినా భయము క్రమేణ దిగిపోయింది. నేటికీ ఇదే ప్రధాన చికిత్స.

మందులలో క్లోమిప్రమిన్‌కు 1989లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. తరువాత ఫ్లూఆక్సెటిన్ వంటివి వచ్చాయి. 1992లో బాక్స్‌టర్ బృందము పెట్ స్కాన్ ద్వారా చూచినది మాకు మరింత ఆశ్చర్యము. మందుతో బాగుపడినవారికీ, మందు లేక పై అభ్యాసముతో బాగుపడినవారికీ మెదడులోని కాడేట్ అనే భాగములో ఒకే విధమైన మార్పు కనిపించింది. వంశపారంపర్యము కూడ ఒక కారణమే. విశ్వాసలోపము కారణమని ఏ పరిశోధనా చూపలేదు.

ఇక మా సంగతి. ఒక సహోదరుడు పరిశుద్ధాత్మను దూషించాననే భయముతో చాలాకాలము మాయొద్దకు వచ్చేవాడు. మత్తయి 12:31 తీసి వివరించి, నీవు క్షమింపబడ్డావని చెప్పి ప్రార్థించి పంపేవారము. ఆయన నెమ్మదితో వెళ్లేవాడు. మొదట నెలకొకసారి, పిమ్మట వారమునకొకసారి, చివరకు రోజుకు రెండుసార్లు ఫోను. మా ఓపికను మేము ప్రేమ అనుకొన్నాము. మేయర్ నర్సులు ఆపిన ఆ నీళ్లకుళాయి మేమేనని తెలియుటకు ఏండ్లు పట్టింది. ఆ తరువాత ఆయనను మానసిక వైద్యునియొద్దకు తీసికొని వెళ్లాము. వైద్యుని సలహామీద, ఆయన సమ్మతితో, ఒక ఏర్పాటు చేసికొన్నాము: ఆ ఒక్క ప్రశ్నకు మేము జవాబు చెప్పము. మొదటి వారము ఆయన ఏడ్చాడు. జవాబు చెప్పకుండుట మాకునూ కష్టమైనది. ఇప్పుడు ఆయన ఆదివారము ఆరాధనకు వచ్చి, బల్లలో పాలుపొంది, ఆ ప్రశ్న అడుగకుండ ఇంటికి వెళ్లుచున్నాడు. తలంపు అప్పుడప్పుడు వస్తూనే ఉన్నదట.