కొలాబా రైల్వే స్టేషన్: పత్తి కోసం వెలసి, భూమి కోసం మూతపడిన వైనం

ముంబయి పశ్చిమ సబర్బన్ రైలు మార్గానికి నేడు దక్షిణాన చివరి స్టేషన్ చర్చిగేట్. 1930 సంవత్సరాంతం వరకు మాత్రం రైళ్లు అక్కడితో ఆగేవి కావు. బ్యాక్‌బే తీరం వెంబడి మరికొంత దూరం సాగి కొలాబా చేరేవి. బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వేకు నగరంలో ఆఖరి మజిలీ అదే. అర్ధశతాబ్దికి పైగా పనిచేసిన ఆ స్టేషన్ ఆనవాలు నేడు దాదాపుగా లేదు.

పత్తి వెంట వచ్చిన పట్టాలు

బొంబాయి పత్తి వ్యాపార కేంద్రమైన కాటన్ గ్రీన్ 1844లో కోట ప్రాంతం నుంచి కొలాబాకు తరలింది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం కారణంగా లాంకషైర్ మిల్లులకు అక్కడి పత్తి అందలేదు. ఆ లోటును భారతీయ పత్తి భర్తీ చేయడంతో బొంబాయి వ్యాపారం ఒక్కసారిగా పెరిగింది.

1855లో ఏర్పాటైన రైల్వే సంస్థ గుజరాత్ నుంచి వేసుకుంటూ వచ్చిన మార్గం సరిగ్గా ఆ కాలంలోనే, 1864 నవంబరులో, గ్రాంట్ రోడ్డుకు చేరింది. అక్కడి నుంచి అంచెలంచెలుగా దక్షిణానికి సాగింది. 1867 ఏప్రిల్ 12న విరార్, బ్యాక్‌బేల మధ్య రోజుకొక రైలుతో సబర్బన్ సర్వీసు ఆరంభమైంది. 1873లో మార్గం కొలాబాను తాకింది. గుజరాత్ పత్తి నేరుగా గోదాముల ముంగిట దిగే వీలు కలిగింది. 1875లో సమీపాననే ససూన్ డాక్ సిద్ధమైంది. 1896లో స్టేషన్‌కు నూతన భవనం వచ్చింది.

కాలక్రమంలో సరుకుతో పాటు ప్రయాణికుల రద్దీ కూడా పెరిగింది. 1928 జనవరి 5న కొలాబా నుంచి బోరివలి వరకు విద్యుత్ రైళ్లు మొదలయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో పెషావర్‌కు ఫ్రాంటియర్ మెయిల్ ప్రవేశపెట్టారు.

భూమికి అడ్డొచ్చిన రైలు

అప్పటికే స్టేషన్ భవితవ్యం తేలిపోయింది. గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో సముద్రాన్ని పూడ్చి కొత్త భూమి సృష్టించే బ్యాక్‌బే పథకం మొదలైంది. పాత నగరానికి, పూడ్చబోయే భూమికి మధ్య రైలు మార్గం గోడలా నిలిచింది. పత్తి వ్యాపారం సైతం 1920లలో సెవ్రీ వైపు తరలిపోయింది. దీంతో కొలాబాకు పట్టాలు వేసిన మూల కారణమే బలహీనపడింది.

చర్చిగేట్‌లో దూరప్రాంత రైళ్లకు చోటు చాలదు. వాటి కోసం క్లాడ్ బాట్లీ రూపకల్పనలో బాంబే సెంట్రల్ నిర్మించారు. 1930 డిసెంబరు 18న అది ప్రారంభమైంది. డిసెంబరు 31న కొలాబా స్టేషన్ మూతపడింది. నాటి నుంచి లోకల్ రైళ్లకు చర్చిగేటే చివరి స్టేషన్.

ఇంతటి మార్పునకు కారణమైన పథకం అనుకున్నంతగా పూర్తికాలేదు. అంచనాలకు మించిన వ్యయం, జాప్యం విమర్శలకు దారితీశాయి. దానిలోని అక్రమాలపై న్యాయవాది కె.ఎఫ్. నారిమన్ సుదీర్ఘ పోరాటం చేశారు. మిగిలిన భాగంలో కొంత స్వాతంత్ర్యానంతరం పూడ్చగా, అక్కడ వెలసిన వాణిజ్య కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

నేటి స్థితి

స్టేషన్, యార్డు ఉన్న స్థలంలో ప్రస్తుతం బధ్వార్ పార్క్ రైల్వే అధికారుల నివాస సముదాయం ఉంది. భూమి రైల్వేదే అయినా రైలు లేదు. పట్టాలు పోయాక దక్షిణ కొస నివాసులు, ఉద్యోగులు దశాబ్దాల పాటు బస్సులు, టాక్సీలపైనే ఆధారపడ్డారు. 2025 అక్టోబరులో భూగర్భ మెట్రో మూడో మార్గం కఫ్ పరేడ్ వరకు అందుబాటులోకి వచ్చింది. నేలపై భూమి కోసం తొలగించిన రైలు దాదాపు 95 ఏళ్లకు, అదే ప్రాంతానికి నేల కిందుగా తిరిగి చేరింది.