పన్నెండు షడ్జముల ప్రదక్షిణము

శంకరాభరణము పాడువాడు ఆధారషడ్జము నొకసారి నిర్ణయించుకొనిన పిదప పాట ముగియువఱకు దానిని విడువడు. ఆ రాగపు స్వరములే గల ఐరోపీయుల 'మేజర్' క్రమమును, 12 స్వరస్థానములయందును వరుసగా షడ్జము నుంచి, ఒక్క రచనలోనే వాయింపవలెనన్నచో మనవారికి వింతగానే తోచును. బీథోవెన్ బోను నగరమున 1789లో అట్టి ప్రిల్యూడులు రెండు వ్రాసెను. పియానోకైనను ఆర్గనుకైనను తగిన యీ రచనలు 1803లో లైప్‌జిగున అచ్చుపడెను. 39వ కృతి యను సంఖ్యను చూచి ఇవి ప్రౌఢవయస్సునాటి వని యెంచరాదు.

వీని నడక యిది: షడ్జమునుండి పంచమమునకు పోయి, దానినే క్రొత్త షడ్జముగా గ్రహించి, మరల దాని పంచమమునకు సాగుట. ఇట్లు 12 అడుగులు వేసినచో బయలుదేరిన చోటికే చేరుదుమని కాగితము చెప్పును. శ్రుతి మాత్ర మొప్పుకొనదు. 3:2 నిష్పత్తిగల శుద్ధపంచమములు పన్నెండు పేర్చినచో అవి ఏడు స్థాయిలను దాటి, అర్ధస్వరములో ఇంచుమించు నాలుగవవంతు మిగులును. గాయకుడు ఈ శేషమును గొంతుతో సర్దుకొనగలడు. మెట్లవాద్యమున కా వెసులుబాటు లేదు. కావున పూర్వులు తఱచు వాడెడి గాంధారములను శుద్ధముగా నిలిపికొని, దోషమునంతయు మూలనున్న యొక పంచమముమీదికి నెట్టిరి. అది ఊళవేయునట్లుండుటచే దానికి 'తోడేలు' అని పేరు. ఆ మూలకు పోకుండుటయే వివేక మనిపించుకొనెను. ఇంటి దోషమునెల్ల దిక్కులేని యొకరిపై మోపు ఆచారము మన చదువరు లెఱుగనిది కాదు.

దోషమును కొంచెము కొంచెముగా అన్నిటికిని పంచినపుడు ఆ మూలయు నివాసయోగ్యమైనది. బాఖ్ 1722లో ప్రతి షడ్జమునకును మేజరున నొకటి, మైనరున నొకటిగా 24 ప్రిల్యూడు-ఫ్యూగుల జంటలు కూర్చెను. (ఆయన పంపకము నేటి సమానపు పంపకమే యనుట కాధారము చాలదు.) 1801 వఱకు అచ్చుకాని యీ గ్రంథము వ్రాతప్రతులుగా చేతులు మాఱుచుండెను. బోనులో ఆస్థాన ఆర్గను వాదకుడగు నేఫె తన శిష్యుడగు బీథోవెనుకు దానినే పాఠము పెట్టెను. బాలుడు దానిలో అధికభాగమును వాయించుచున్నాడని 1783లో పత్రికకు వ్రాసెను. పరుల వ్రాతప్రతిని దాచుకొనక శిష్యుని చేతి కిచ్చిన యీ గురువును మేము బీథోవెను చరిత్రలో మిక్కిలి గౌరవింతుము.

ప్రిల్యూడులు రెండును విన నింపైనవని మాత్రము చెప్పజాలము. బాఖ్ ప్రతి షడ్జమునందును కాపురముండెను. ఈ యువకుడు గడపలు ముట్టి ముందునకు సాగెను. నేటి పియానోలో తోడేలు లేదు, శుద్ధగాంధారమును లేదు. తంబుర నాదమునకు అలవడిన చెవి దాని గాంధారమును వినినచో, అది యొకింత హెచ్చుగా నున్నదని గుర్తించును.