రహీం సాబ్: బడి మైదానం నుంచి జకార్తా దాకా

మా వసతిగృహంలో సాయంత్రం ఆటల గంట కొడితే చాలు, తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన పిల్లలకు ప్రాణం లేచొస్తుంది. పరీక్షలు దగ్గరపడితే మేం పెద్దవాళ్లం ముందుగా తీసేసేది కూడా ఆ గంటనే. నేనూ తీసేసినదాన్నే. అందుకే ఈ సంచికలో మన హైదరాబాదు ఉపాధ్యాయుడు ఒకరి గురించి రాయాలనిపించింది. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతటికీ రహీం సాబ్.

1909లో పుట్టిన రహీం ఉస్మానియాలో చదువుకుని, కాచిగూడ మిడిల్ స్కూల్లో పంతులుగా చేరారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో పిల్లలకు ఆటలు నేర్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన బోధనలో నాకు నచ్చింది ఒకటుంది. పిల్లల్లో ఏ లోపం కనబడితే దానికి తగ్గట్టు ఒక పోటీ పెట్టేవారు. బంతిని తన దగ్గరే ఉంచుకునే అలవాటు పోవాలంటే డ్రిబ్లింగ్ లేని పోటీ. కుడికాలి వాటం పిల్లలకు ఎడమకాలితో మాత్రమే ఆడే పోటీ. పొట్టి పిల్లలు వెనకబడకుండా వాళ్లకు విడిగా పోటీ. వీటికి ఖర్చేమీ లేదు. పిల్లవాణ్ణి గమనించే కన్ను ఉంటే చాలు.

సికింద్రాబాదు వైపు పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ను చూసి శిక్షణకు రమ్మన్నారు. రోజూ రావడానికి తన దగ్గర డబ్బుల్లేవంటే, సైకిలు అద్దెకు తీసుకోమని రహీం సాబే డబ్బులిచ్చారని బలరామ్ తర్వాత చెప్పుకునేవారు. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఆడాడు. అక్కడ రహీం జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు అదే.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన ఆయన, 1962లో జకార్తాకు వెళ్లేనాటికి కాన్సర్‌తో ఉన్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించారు. ఒక గోలు పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఇంత చేసిన మనిషి వృత్తి ఏమిటంటే బడిపంతులు. మన పిల్లల్లో ఎందరు బలరామ్‌లు బస్సు చార్జీల దగ్గరే ఆగిపోయారో లెక్క ఎవరి దగ్గరుంది?

ఈసారి పరీక్షల ముందు నేను ఆటల గంట తీసేయలేదు, అరగంటకు తగ్గించానంతే. ఒకరోజు ఎడమకాలి పోటీ పెట్టాను. ఎప్పుడూ వెనక నిలబడే పిల్ల ఆరోజు ముందుకొచ్చింది. ఆమె ఎడమచేతి వాటమని నాకు అప్పుడే తెలిసింది.