గీస్తే గీసినట్టే

గూడూరు జంక్షన్‌లో మద్రాసు వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఆగి కదిలిపోయింది. నీకు కావలసిన బండి అది కాదు. ఇక్కడ మెయిన్ లైన్‌ను వదిలేసి పడమటికి తిరిగే రేణిగుంట లైను ప్యాసింజర్ కోసం కూచున్నావు. పక్కన నిమ్మకాయల బస్తాలు. ఎండ ఎక్కేకొద్దీ వాటి వాసన ప్లాట్‌ఫారం అంతా పాకుతోంది. "టీ కావాల్నా?" అని కుర్రాడు రెండోసారి అడుగుతాడు. నువ్వు వినలేదు. ఒళ్లో స్కెచ్‌బుక్ తెరిచి ఉంది, ఎరేజర్ తుక్కు ప్యాంటు మీద రాలుతోంది.

అది అభ్రకం పుస్తకం. సైదాపురం గనుల కథ, మొత్తం బొమ్మల్లోనే. ఎవరూ వేయమని అడగలేదు, అచ్చు వేస్తానని ఎవరూ అనలేదు. నెల్లూరు అభ్రకానికి ఉండే ఆ లేత పచ్చ ఛాయ ఒకప్పుడు దేశాలు దాటింది. రేడియో లోపలికీ కరెంటు సామాన్ల లోపలికీ వెళ్లింది, రెండో ప్రపంచ యుద్ధంలో దాని గిరాకీ ఆకాశాన్ని అంటింది. తర్వాత గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నీకు మిగిలింది మాత్రం వాన కురిసినప్పుడు మట్టిలో తళుక్కుమనే పొరలూ, ఇంట్లో అవ్వ చెప్పిన నాలుగు ముక్కలూ.

ఇప్పుడు పట్టుకున్న పేజీలో మనిషి నిచ్చెన దిగుతున్నాడు. గని గొంతులోకి, చేతిలో దీపంతో. ఆరు గళ్లు గీశావు, ఆరింటిలోనూ దిగుతున్న మనిషే. చూస్తే ఆరుగురు ఆరు నిచ్చెనల మీద ఉన్నట్టుంది. లోతు మాత్రం రావడం లేదు. మళ్లీ చెరిపావు. ఆ చోట కాగితం నూగు లేచింది.

బండి వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది.

వెండోడు దాటింది. ఫోన్‌లో దాచుకున్న పేజీలు తిరగేస్తున్నావు. నీ గురువులంతా ఎక్కడెక్కడివాళ్లో. న్యూయార్క్ అద్దె ఇళ్ల కథల్ని 1978లో 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్'గా గీసిన విల్ ఐస్నర్. యూదుల్ని ఎలుకలుగా, నాజీల్ని పిల్లులుగా వేసి తండ్రి అనుభవం చెప్పిన ఆర్ట్ స్పీగల్‌మన్. ఆ 'మౌస్'కి 1992లో పులిట్జర్ ఇచ్చారు. మన దేశంలో చూస్తే నర్మద ఆనకట్ట మీద 1994లోనే ఒరిజిత్ సేన్ గీసిన 'రివర్ ఆఫ్ స్టోరీస్'. తెలుగు వైపు తిరిగితే నీకు మొదట కనిపించేది చందమామే. విక్రమార్కుడి భుజం మీద శవాన్ని ఎన్నో దశాబ్దాలు మోయించిన శంకర్, అంటే కె.సి. శివశంకరన్, చెన్నైలో 2020 సెప్టెంబరులో పోయాడు. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది, అందుకోవడానికి ఆయన లేడు. ఆ తర్వాత బాపు. సినిమా తీయబోయే ముందు షాటు షాటూ కాగితం మీద గీసుకునే బాపు నిజానికి బోలెడు గ్రాఫిక్ నవలలు గీశాడు, కాకపోతే వాటిని మనం థియేటర్లో చూశాం.

వెంకటగిరిలో చీరల మూటలతో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కారు. ఒకామె నీ స్కెచ్‌బుక్‌లోకి తొంగి చూసి "బావిలోకెవరు దిగతాండేది?" అంది. బావి అనుకుంది, అది గని. ఇదొక విమర్శే. రాసుకో.

శ్రీకాళహస్తిలో దిగి గుడి వైపు కాకుండా ఏటి వైపు సందుల్లోకి నడు. కలంకారీ వేసే ఇంటికి నంబరు అక్కర్లేదు, వాసన చెబుతుంది. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరేసిన గాడా గుడ్డ వాసన అది. కొత్తవాళ్లకు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. కాసేపటికి అలవాటైపోతుంది.

"యాడ్నించి నైనా?"

"గూడూరు."

"కూసో. గుడ్డ తొక్కబాక."

పెద్దాయన నేల మీద, ఒక మోకాలు మడిచి, రెండోది నిలబెట్టి కూచున్నాడు. ముందు పరిచిన తెల్లగుడ్డ ఇప్పుడు తెల్లగా లేదు, లేత పసుపు. పాలల్లోని కొవ్వు పోగుల మధ్య నిండితే సిరా పక్కకి పాకదు. కరక్కాయలోని వగరు నల్లరంగుని పట్టుకుంటుంది. ఆయన చేతిలోని కలం వెదురు పుల్లే. చివర చెక్కిన ముక్కు, దానికి కాస్త పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించిన ముద్ద. ముద్దను కుండలో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీస్తాడు. గట్టిగా నొక్కితే లావు గీత, వదిలితే సన్నగీత.

కుండలోది కసిమి. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టిన కషాయం. పుల్లటి ఘాటు. విచిత్రం అక్కడే చూడాలి. కలం ముక్కు నుంచి గుడ్డ మీదకి దిగేటప్పుడు అది పల్చటి చింతపండు పులుసు రంగులో ఉంటుంది. క్షణం ఆగు. ఇనుమూ కరక్కాయా కలిశాయి. గీత నీ కళ్ల ముందే నల్లబడుతుంది. ఆయన చెయ్యి అప్పటికే తర్వాతి గీత మీద ఉంది.

"తప్పు పడితే?" అని అడిగావు.

"పడితే పడింది. దాన్నే చెట్టు చేసుకోవాల."

చింతపుల్లల బొగ్గుతో ముందు మసక గీతలు వేసుకుంటాడు, అవి విదిలిస్తే పోతాయి. కసిమి గీత మాత్రం గీస్తే గీసినట్టే. నీ ట్యాబ్లెట్‌లో వెనక్కి వెళ్లే మీట మీద నీ చూపుడువేలు రోజంతా ఎన్నిసార్లు పడుతుందో ఆయనతో చెప్పకు.

గోడకి పాత గుడ్డ ఒకటి వేలాడుతోంది. దాని ముందు నిలబడు, తొందరేం లేదు. మధ్యలో పెద్ద ఘట్టం, పట్టాభిషేకం. దాని చుట్టూ అడ్డంగా వరసలు. పై వరసలో ఎడమ నుంచి మొదలై కుడికి, కిందికి దిగి మళ్లీ ఎడమ నుంచి. వరసకీ వరసకీ మధ్య సన్నని పట్టీలో తెలుగు అక్షరాలు. పక్కన ఒక్కో మనిషికీ పేరు. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ అంటే ఏమిటో కామిక్స్‌లోనే చెప్పిన పుస్తకంలో వరసగా పేర్చిన బొమ్మల పూర్వీకులంటూ మెక్సికో ప్రాచీన చిత్రలిపినీ, ఇంగ్లండు మీద నార్మన్ల దండయాత్ర చెప్పే 70 మీటర్ల బేయూ గుడ్డనీ చూపించాడు. బేయూ గుడ్డలో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయి. వరస ఉంది, రాత ఉంది, పేర్లు ఉన్నాయి.

అయినా ఈ గుడ్డని గ్రాఫిక్ నవల అనేయడం నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. పుస్తకంలో పేజీ తిప్పేదాకా తర్వాతి బొమ్మ దాగి ఉంటుంది, ఆ దాపరికమే కామిక్స్ గీసేవాడి సగం ఆయుధం. గుడ్డ మీద పట్టాభిషేకం మొదటే కనిపిస్తుంది. ముగింపు ముందే చెప్పేసి, అయినా కథలోకి లాగాలి. అది వేరే పని, బహుశా ఇంకా కష్టమైన పని.

మూడో వరసలో నీ చూపు ఆగింది. అశోకవనం. గీత కట్టిన గడి ఒక్కటే, అందులో హనుమంతుడు ముగ్గురు. ఒకడు చెట్టు మీద, ఒకడు సీత ముందు ఉంగరంతో, మూడోవాడు వనాన్ని పీకుతూ. మధ్యలో గీతలు లేవు. అయినా ఎవరికీ తికమక లేదు. చెట్టు ఒక్కటే, నేల ఒక్కటే. కాలం ఆ నేల మీద నడిచిపోయింది.

స్కెచ్‌బుక్ తీశావు. ఆరు గళ్ల పేజీ ఆయన ముందు పెట్టావు.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. గళ్ల మధ్య తెల్లచారల మీద వేలు పెట్టాడు. "ఈ గోడలెందుకు? గని ఒకటే గదా."

అంతే అన్నాడు. భోపాల్ వైపు గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ కూడా ఇదే గొడవ పెట్టుకున్నారు. అంబేద్కర్ జీవితం మీద 2011లో వచ్చిన 'భీమాయన' కోసం వాళ్లని కూచోబెడితే, మనుషుల్ని డబ్బాల్లో పెట్టం అన్నారు. తమ ముగ్గు గీతలతోనే పేజీని విడదీశారు. మెత్తటి మాటలు చెప్పేవాళ్లకి పక్షి ఆకారపు బుడగలు, విషం కక్కేవాళ్లకి తేలు తోక ఉన్న బుడగలు ఇచ్చారు. ఆ పుస్తకం నీ దగ్గర ఉంది. చదివావు, మెచ్చుకున్నావు, ఆ తర్వాత స్కేలు తీసి ఆరు గళ్లు గీశావు.

నిలువు పేజీ మొత్తం ఒకే గొయ్యి అయితే? పైనుంచి కిందికి ఒకే నిచ్చెన. దాని మీద అదే మనిషి నాలుగు చోట్ల. పైన ఎండలో, తర్వాత నడుము దాకా నీడలో, ఆ తర్వాత దీపం ఒక్కటే, అడుగున చేతులూ సుత్తీ. చూసే కన్ను దానంతట అదే దిగుతుంది.

అప్పటికప్పుడే గీశావు, పెన్నుతో. వంకర వచ్చింది, ఉండనీ.

లోపల ఇంకో గదిలో రాగి గంగాళం మరుగుతోంది. ఎర్రరంగు కోసం సురుడు చెక్క, మంజిష్ఠ. పటిక నీళ్లు పూసిన చోట మాత్రమే ఎరుపు పడుతుంది, మిగతా చోట్ల అంటినది తర్వాత ఉతుకుల్లో పోతుంది. అంటే ఎరుపు వేసేటప్పుడు ఆ ఎరుపు ఆయనకి కనపడదు. నీళ్ల లాంటి పటికతో గీస్తాడు, గంగాళంలోంచి తీశాకే తెలుస్తుంది. ఆ తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో వానలప్పుడే పారుదల, మిగతా నెలల్లో ఇసుకే. బోరు దగ్గర ఉతుకుతారు. పసుపు, నీలి ఆ తర్వాత. పసుపు మీద నీలి పడితే పచ్చ. రాముడికి నీలం, ఆడవాళ్లకి పసుపు, రాక్షసులకి ఎరుపు. ఈ వరసలో ఒక్క మెట్టు ముందు వెనకైతే ఆ గుడ్డ పనికిరాదు.

గది మూలన మడతలు పెట్టినవన్నీ చీరలు, దుపట్టాలు. నెమళ్లు, తీగలు, బుద్ధుడి ముఖాలు. కథ గుడ్డ ఒక్కటే ఉంది, గోడ మీద. దుకాణంవాళ్లు కథ అడగరు, కథకి నెలలు పడుతుంది. 1957లో ఇక్కడ కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టకపోయి ఉంటే ఈ మాత్రం కూడా ఉండేది కాదంటారు. అప్పటికి చేతులు అంత తగ్గిపోయాయి. ఆ తరం వాళ్ల ఇళ్ల నుంచే జొన్నలగడ్డ గురప్ప శెట్టి లాంటివాళ్లు వచ్చారు, 2008లో ఆయనకి పద్మశ్రీ దక్కింది. నీ సంగతి చెప్పుకుంటే, నువ్వూ పెళ్లి కార్డులకి డిజైన్లు వేసి, ఆ డబ్బుతో అభ్రకం పుస్తకానికి కాగితం కొంటున్నావు.

పెద్దాయన నీ మిగతా పేజీలు తిప్పుతున్నాడు. ఒక చోట బుడగలో మాటలు పొంగిపోయాయి. తెలుగుకి ఇదొక బాధ. పైన గుడి, కింద వత్తు, రెంటికీ చోటు కావాలి. ఇంగ్లీషు బుడగలో మూడు వరసలు పట్టే చోట మనకి రెండే పడతాయి. నువ్వు అక్షరాలు చిన్నవి చేశావు. 'కార్మికుడు' కింద వత్తు బుడగ గీతని తాకి నల్ల చుక్కైంది. ఆయన గోడ మీది గుడ్డ చూపించాడు. దగ్గరికి పోతే పట్టీ చివర అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి. చోటు చాలలేదు, గీసినవాడు ఇరికించాడు. వందేళ్ల నాడైనా ఇదే తంటా అన్నమాట. నీకు నవ్వొచ్చింది.

"ఇది బొమ్మలో ఉండాది గదా," అంటూ ఇంకో బుడగ మీద వేలు పెట్టాడు. "మళ్లా రాసినావేంది?"

కొట్టేశావు. పెన్ను జేబులో పెట్టబోతుంటే ఆయన ఇంకో పేజీ తిప్పాడు. అభ్రకం పొరలు విడదీస్తున్న ఆడవాళ్లు. వరసగా కూచుని, కత్తులతో. నీ అవ్వ చేసిన పని అదే, ఈ పేజీకే నువ్వు ఎక్కువ రోజులు తీసుకున్నావు.

"ఈ అమ్మి పేరేంది?"

"ఎవరనీ కాదు తాతా. గనిలో కూలీలు."

"పేరు రాయి." గుడ్డ మీద కోతుల దండు చూపించాడు. ఒక్కొక్క కోతి పక్కనా ఒక పేరు. సుగ్రీవుడు, నలుడు, నీలుడు, అంగదుడు. "కోతులకే రాసినాం."

బయటికి వచ్చి ఫోన్ తీశావు. సందులో సిగ్నల్ సగమే.

"అమ్మా, అవ్వతోపాటు గనిలో పనిచేసినోళ్లు ఎవరెవరు?"

"ఎందుకురా ఇప్పుడు? యాడున్నావు నువ్వు?"

"కాళాస్తిలో. పేర్లు చెప్పు."

"ఎంతమంది పేర్లు కావాల నీకు? మన వీధిలోనే పదిమంది. ఉండు, పెద్దమ్మని అడగతా, దానికైతే ఇంటి పేర్లతో సహా గుర్తు. కాగితం ఉందా నీ దగ్గర?"